పొద్దుతో పొత్తు

వనపర్తి సీమకు సముద్రం లేదు. కడలి హోరు వినవలెనంటే తూర్పు దిక్కుగా వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. అయినా ఈ సీమలో ఏడు సముద్రాలున్నాయి. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి ఆలయాన్ని ఒరసుకొని నిలిచిన చెరువు పేరు రంగసముద్రం. ఖిల్లాఘనపురం కొండకింద ఉన్నది గణపసముద్రం. కానాయపల్లి వద్ద ఉన్నది శంకరసముద్రం. ఇటువంటి ఏడు పెద్ద చెరువులను కలిపి సంస్థానాల కాలం నుండి ప్రజలు సప్తసముద్రాలని పిలుచుకొంటున్నారు. చెరువును సముద్రమనడం అతిశయోక్తి అని ఆలంకారికులు తేల్చవచ్చు. కాని, వానకోసం ఆకాశంవైపు చూసి చూసి కళ్ళు కాయలు కాచిన నేలమీద, నీటి విలువ తెలిసినవారు పెట్టిన పేరది. ఆ పేరులో అలంకారం కన్నా ఆశ ఎక్కువగా ఉన్నది.

ఆ ఆశ ఇటీవలి కాలంలో కొంత నెరవేరింది. ఎగువన జూరాల ఆనకట్ట, దిగువన కొల్లాపురం సోమశిల దాకా చొచ్చుకొని వచ్చే శ్రీశైలం జలాశయపు వెనుక నీరు, నడుమ ఎత్తిపోతల పథకాలు కృష్ణమ్మను ఈ మెట్టనేలకు చేర్చాయి. రంగసముద్రం, శంకరసముద్రం భీమా ఎత్తిపోతల పథకంలో జలాశయాలుగా మారాయి. ఒకనాడు వాన కురిస్తేనే నిండే చెరువు ఇప్పుడు మోటార్లు తిరిగినా నిండుతున్నది. నీరు నిలిచినచోట చేప నిలుస్తుంది. చేప నిలిచినచోట దానిని నమ్ముకొన్న బెస్తలు, ముదిరాజులు, గంగపుత్రులు నిలుస్తారు. వారి ముందు నేడు ఒక కొత్త ప్రశ్న నిలిచింది. అది వల గురించిన ప్రశ్న కాదు. మేత గురించిన ప్రశ్న.

చెరువులో చేపకు మేత వేయడమేమిటని పాతతరంవారు నవ్వవచ్చు. చేపకు ఈత నేర్పడం ఎటువంటిదో, చెరువు చేపకు మేత వేయడం వారికి అటువంటిదే. 2016 నుండి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను పంపిణీ చేసి తెలంగాణ చెరువులలో వదిలే పద్ధతి వచ్చింది. అలా వదిలిన బొచ్చె, రోహు, మ్రిగాల పిల్లలు నీటిలోని సూక్ష్మజీవులను, నాచును, అడుగున కుళ్ళిన ఆకు అలములను తిని పెరుగుతాయి. బొచ్చె పైనీటిని, రోహు నడిమినీటిని, మ్రిగాల అడుగునీటిని పంచుకొంటాయి. ఒకే ఇంటిలో మూడు వంటిళ్ళు పెట్టుకొన్నా అన్నదమ్ములు కలహించని అరుదైన కాపురమది. అక్కడ మనిషి మేత వేయనవసరం లేదు.

పంజరంలో పెంచే చేప సంగతి వేరు. పెద్ద జలాశయంలో ఇనుప చట్రాన్ని, ఖాళీ పీపాలను కూర్చి, దాని కింద వలసంచిని వేలాడదీసి, అందులో చేపలను పెంచే పద్ధతి దేశమంతటా వ్యాపిస్తున్నది. మన దేశపు జలాశయాలలో ఎక్కువగా వాడే పంజరం 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు ఉంటుంది. నీరు లోపలికి వస్తుంది, పోతుంది. చేప మాత్రం పోలేదు. దానికి తన మేతను తాను వెదుక్కొనే స్వేచ్ఛ లేదు. భాగవతంలో సత్యవ్రతుని దోసిట చిక్కిన చేపపిల్ల కథ ప్రసిద్ధమైనది. ఆ పిల్ల కమండలంలో పట్టక, కుండలో పట్టక, మడుగులోనూ పట్టక, చివరకు సముద్రం కోరుకొన్నది. రాజు దానికి చోటు మార్చడమొక్కటే చేశాడు; దాని ఆకలి సంగతి చూడవలసిన పని ఆయనకు లేకపోయింది. అవతారమూర్తి కనుక సరిపోయింది. పంజరంలో చేపను ఉంచినవాడికి ఆ వెసులుబాటు లేదు. చోటు బిగించిన చేతితోనే అన్నమూ పెట్టాలి.

ఆ అన్నం ఎంతో లెక్క వేస్తే సంగతి బోధపడుతుంది. ఒక పంజరంలో నాలుగు టన్నుల చేప పెరిగి ఉన్నదనుకొందాం. చేప బరువులో నూటికి రెండు వంతుల చొప్పున రోజుకు మేత వేసినా 80 కిలోలు కావాలి. పన్నెండు పంజరాల వరుసకు 960 కిలోలు. అంటే 25 కిలోల బస్తాలు దాదాపు 38. వీటిని గట్టునుండి పుట్టిలోనో, పడవలోనో వేసుకొని, గాలికి ఎదురు తెడ్డు వేసి, రోజుకు రెండు మూడు విడతలుగా పంజరం పంజరానికి చల్లాలి. ఆదివారమని చేప ఉపవాసముండదు. పండుగ అని సెలవు ఇవ్వదు. పెంపకపు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. కూలి, కష్టం, ఖర్చు ఈ మూడూ ఒకేచోట కూడిన ఘట్టమిది. అందుచేత సేద్యం లాభనష్టాలు వలలో కాక మేతబస్తాలో తేలుతాయి.

సముద్రంలో చేపలను పెంచే దేశాలు ఈ సమస్యను యంత్రంతో ఎదుర్కొన్నాయి. ఏటా సుమారు 15 లక్షల టన్నుల సాల్మన్ చేపను పెంచే నార్వే ఇందులో అగ్రగామి. అక్కడ తేలే గిడ్డంగి వంటి ఓడను పంజరాల నడుమ లంగరు వేసి ఉంచుతారు. అందులో వందల టన్నుల మేత ఉంటుంది. గాలి ఒత్తిడితో ఆ గుళికలు పొడుగాటి గొట్టాల గుండా వెళ్ళి పంజరాలలో పడతాయి. నీటిలోపలి కెమెరాలు చేపలు తింటున్న తీరును చూపుతాయి; ఎక్కడో ఒడ్డున ఒక గదిలో కూర్చున్న మనిషి తెరమీద చూస్తూ మేత ఆపుతాడు, వదులుతాడు. 2017లో ఆ దేశం 110 మీటర్ల వ్యాసం గల ఓషన్ ఫార్మ్ అనే బ్రహ్మాండమైన పంజరాన్ని తీరానికి దూరంగా లోతునీటిలో నిలిపింది. తీరం దూరమైనకొద్దీ మేత ఓడకు విద్యుత్తు తీగ అందదు. అందువల్ల ఇన్నాళ్ళూ డీజిల్ జనరేటర్లే దిక్కు అయ్యాయి. చేప తినే ప్రతి ముద్దకూ కొంత నూనె మండింది. ఆ పొగను, ఆ ఖర్చును తగ్గించడానికే ఇప్పుడు బ్యాటరీలు, సౌరఫలకాలు, గాలిమరలు, అలలనుండి విద్యుత్తు తీసే సాధనాలు ఆ ఓడలమీదికి ఎక్కుతున్నాయి. చైనా 2019లో పెంగ్‌హు అనే తేలే చేపల క్షేత్రాన్ని నీటికి దింపింది. అది అలల శక్తిని, ఎండను కలిపి వాడుకొంటుంది.

తెలుగు తీరానికి కూడా ఇందులో చిరునామా ఉన్నది. మన దేశంలో తొలి సముద్రపు పంజరాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో విశాఖపట్నం తీరంలోనే ప్రయోగించింది. అందులో పెంచినది తెలుగువారికి ఎంతో ఇష్టమైన పండుగప్ప. ఆ ప్రయోగం తరువాత చిన్న పంజరాలు ఇతర తీరాలకూ పాకాయి. అయితే ఈ దేశపు సముద్రంలో మేతను చేతితో చల్లే మనిషి ఇంకా తప్పలేదు. ఓడ వంటి యంత్రాన్ని కొనగల స్తోమత ఇక్కడి జాలరికి లేదు. లేనందుకు విచారించవలసిన పని అంతగా లేదనీ, నార్వేవారి ఓడను నమూనాగా పెట్టుకొని జూరాల నీటిలో వెదకడం దండుగ అనీ చెప్పడానికి బలమైన కారణాలున్నాయి.

మొదటి కారణం సూర్యుడే. నార్వే ఉత్తర తీరంలో శీతకాలం వచ్చిందంటే వారాల తరబడి పొద్దు పొడవదు. అక్కడ చేపకు దీపాలు పెట్టి మేత వేస్తారు. సౌరఫలకం ఆ చీకటిలో అలంకారప్రాయం. పాలమూరు ఎండ అటువంటిది కాదు. ఈ నేలమీద ఒక కిలోవాట్ సౌరఫలకాలు రోజుకు సగటున నాలుగు యూనిట్ల విద్యుత్తును ఇస్తాయి. ఇన్నాళ్ళూ బావులను ఎండగట్టిందని, పైరును మాడ్చిందని జనం తిట్టిపోసిన ఎండ అది.

ఇక రెండవ కారణం ఇంకా సూక్ష్మమైనది, చేపల రైతు ఎప్పటినుండో ఎరిగినది. చేప ఆకలికీ ఎండకూ చుట్టరికమున్నది. నీటిలో కరిగిన ప్రాణవాయువు ఉంటేనే చేప తిన్నది అరిగించుకొంటుంది. ఆ ప్రాణవాయువులో అధికభాగాన్ని ఇచ్చేది నీటిలోని వృక్షప్లవకాలు. అవి ఎండలోనే దానిని తయారుచేస్తాయి. రాత్రంతా చేపలు, ప్లవకాలు, అడుగుమట్టి కూడా దానిని వాడుకొంటూనే ఉంటాయి. అందువల్ల తెల్లవారుజామున ప్రాణవాయువు అతి తక్కువ స్థాయికి పడిపోతుంది. ఆ వేళలో చేపలు నీటిపైకి తేలి నోళ్ళు తెరచి ఆయాసపడడం చెరువుగట్టున ఎవరైనా చూడగలరు. పొద్దెక్కినకొద్దీ నీరు తేరుకొంటుంది. చేపకు ఆకలి పుడుతుంది. మబ్బు పట్టిన రోజున ప్లవకాల పని మందగిస్తుంది, చేప తిండీ మందగిస్తుంది. అనుభవమున్న రైతు మబ్బు రోజున మేత తగ్గిస్తాడు, తెల్లవారకముందు వేయనే వేయడు.

ఇప్పుడు సౌరఫలకం నడవడిని పక్కన పెట్టి చూడాలి. అదీ పొద్దెక్కినాకనే మేల్కొంటుంది. మబ్బు పడితే మందగిస్తుంది. రాత్రి పడుకొంటుంది. అంటే సూర్యునికి కట్టిన మేతయంత్రం తనంత తానే చేప ఆకలి వేళలను అనుసరిస్తుంది. డీజిల్‌తో నడిచే యంత్రం గడియారాన్ని చూసి మేత వేస్తుంది; ఎండతో నడిచే యంత్రం ఆకాశాన్ని చూసి వేస్తుంది. పునరుత్పాదక శక్తిని మెచ్చుకొనేవారు సాధారణంగా పొగ లేదని, ఇంధనం ఖర్చు లేదని మెచ్చుకొంటారు. అవి మంచి గుణాలే. కాని చేపల పెంపకంలో దాని అసలు గుణం ఈ పొత్తులో ఉన్నది. ఎండ ఎప్పుడూ ఉండదని, నిలకడ లేనిదని సౌరవిద్యుత్తు మీద వేసే నింద ఈ ఒక్క పనిలో మాత్రం ప్రశంసగా మారుతుంది.

శక్తి ఎంత కావాలన్నది చూస్తే భయపడవలసినది మరీ తక్కువ. అర అశ్వశక్తి మోటారు గల మేతచల్లు యంత్రం రోజుకు రెండు గంటలు తిరిగితే ముప్పావు యూనిట్ ఖర్చవుతుంది. పన్నెండు పంజరాలకు పన్నెండు యంత్రాలు పెట్టినా తొమ్మిది యూనిట్లు. మూడు కిలోవాట్ల ఫలకాలు దానికి చాలినంత కన్నా ఎక్కువ. ఆ ఫలకాలు పరచడానికి సుమారు 300 చదరపు అడుగుల చోటు కావాలి. ఒక పంజరం పైభాగమే 250 అడుగులకు పైగా ఉంటుంది. పల్లెలో ఒక సాగుబావి మోటారుకు కావలసిన ఫలకాలు ఇంతకంటె ఎక్కువే. ఇంత చిన్న పనికి కోట్ల యంత్రాంగం కావాలని చెప్పేవారి మాటలను కొంచెం ఆలోచించి వినడం మంచిది.

అయితే, ఎండ లెక్కను గుడ్డిగా నమ్మడం కూడా ప్రమాదమే. మార్గశిర పుష్య మాసాలలో ఆకాశం అద్దంలా ఉంటుంది, ఫలకం నిండుగా పనిచేస్తుంది. కాని నీరు చల్లబడి ఉంటుంది. చేప శీతరక్తజీవి, నీరు చల్లబడితే దాని జీర్ణశక్తి తగ్గుతుంది. ఆ రోజులలో ఎండను చూసి మేత చల్లితే అది తినేవారు లేక నీటిలో కరుగుతుంది. రెండు మూడు రోజులు ముసురు పట్టి విడిచిన తరువాత కూడా జాగ్రత్త కావాలి. అప్పుడు ఎంత వేయాలో ఫలకానికి తెలియదు, చేపను చూసినవాడికే తెలుస్తుంది. ఇక ప్రాణవాయువు పడిపోయిన రాత్రివేళ నీటిని చిలికే ఏరియేటర్లకు శక్తి కావాలంటే లెక్క తలకిందులవుతుంది. రెండు అశ్వశక్తుల ఏరియేటర్ ఎనిమిది గంటలు తిరిగితే పన్నెండు యూనిట్లు. పన్నెండు మేతయంత్రాలు రోజంతటికీ తినేదానికన్నా అదొక్కటే ఎక్కువ తింటుంది. అదీ సూర్యుడు లేని వేళలో. దానికి బ్యాటరీలు తప్పవు, బ్యాటరీలకు ధర తప్పదు. మేతకు సౌరశక్తి చవక గనుక అన్నిటికీ చవకేనని ఊరించడం జాలరిని అప్పులపాలు చేయడమే. పంజరాలను పలుచగా ఉంచి, పారే నీటిలో నిలిపితే ఏరియేటర్ అవసరమే చాలావరకు తప్పుతుంది.

మేత విషయంలో తెలుగువారికి ఒక గొప్ప పాఠం స్వంత ఇంటిలోనే ఉన్నది. కొల్లేటి పరిసరాలలో, కైకలూరు, భీమవరం ప్రాంతాలలో, వేలాది ఎకరాల చేపల చెరువులున్నాయి. అక్కడి రైతులు తవుడు, చెక్క కలిపిన మేతను సంచులలో నింపి, సంచి అడుగున వరుసగా రంధ్రాలు చేసి, నీటిలో పాతిన గుంజలకు కడతారు. చేపలు వచ్చి ఆ రంధ్రాలను పొడిచి, కావలసినంత లాగి తింటాయి. కడుపు నిండితే వెళ్ళిపోతాయి. కొంతసేపటికి రైతు పడవమీద తిరిగి సంచులను ఎత్తి చూస్తాడు. ఖాళీ సంచి ఆకలి తీరలేదని చెబుతుంది. సగం నిండిన సంచి నీరు బాగులేదనో, చేపకు సుస్తీ చేసిందనో చెబుతుంది. విద్యుత్తు లేదు, కెమెరా లేదు. అయినా ఎంత తినాలో నిర్ణయించే అధికారం చేపకే ఉన్నది. దాని తీర్పును చదివే బాధ్యత మనిషికి ఉన్నది. నార్వేలో కోట్లు పోసి తెరమీద చూస్తున్నది కూడా చివరికి ఈ సంచి చెప్పే సంగతినే. ఆ పద్ధతిని ఆవిష్కరించిన రైతులకు ఏ బిరుదూ రాలేదన్నది వేరే కథ.

కనుక మేతయంత్రాన్ని రూపొందించేవారు ఆ సంచినుండి మొదలుపెట్టడం ఉచితం. తేలే గుళికలను కొద్దికొద్దిగా చల్లి, పైకి వచ్చి తినే చేపల సందడి తగ్గగానే ఆగిపోయే యంత్రం కావాలి. ఆపే మీట పంజరం మీద ఉన్న మనిషికి అందాలి. ఎందుకంటే తినని మేత డబ్బు నష్టంతో పోదు. కిలో చేప పెరగడానికి కిలోన్నర మేత సరిపోయే చోట అజాగ్రత్త వల్ల కిలో 800 గ్రాములు పడితే, నాలుగు టన్నుల పంజరానికి 1,200 కిలోలు అదనం. పన్నెండింటికి 14,400 కిలోలు. కిలో 40 రూపాయలనుకొన్నా 5,76,000 రూపాయలు నీటిలో పోసినట్లే. ఆ మేతలోని నత్రజని, భాస్వరం జలాశయంలో చేరి నాచును పెంచుతాయి. కుళ్ళిన నాచు మళ్ళీ ప్రాణవాయువును తినివేస్తుంది. శంకరసముద్రం నీరు చేపలకే కాదు, పొలాలకూ పోతుంది. జలాశయాలనుండి ఊళ్ళు తాగునీరు తీసుకొంటాయి. పంజరాలు మొత్తం నీటి విస్తీర్ణంలో నూటికి ఒక వంతు మించరాదని నిపుణులు గీసిన గీత అందుకే. ఆ గీతను దాటి పంజరాలు పెంచే పక్షంలో సౌరశక్తి వాడినా, మరే శక్తి వాడినా నీరు చెడక మానదు. పచ్చటి విద్యుత్తుతో పచ్చటి నాచును పెంచినట్లవుతుంది.

నీటిమీద ఫలకాలు నిలుస్తాయా అన్న సందేహానికి ఇప్పుడు తావు లేదు. సింహాద్రి విద్యుత్కేంద్రం జలాశయంమీద 2021లో 25 మెగావాట్ల తేలే సౌరకేంద్రం వచ్చింది. రామగుండంలో 2022 నాటికి 100 మెగావాట్ల కేంద్రం సుమారు 500 ఎకరాల నీటిమీద పూర్తిగా పనిచేయసాగింది. కాని అవి కట్టుదిట్టమైన జలాశయాలు. కృష్ణ గుణం వేరు. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. వేసవి వచ్చేసరికి అది పదుల అడుగులు దిగిపోతుంది, సోమశిల వద్ద నీరున్నచోట ఒండ్రునేల బయటపడుతుంది. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి ఆ జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిపడినప్పుడు అలంపురం, కర్నూలు మునిగిపోయాయి. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని చీల్చివేసింది. కనుక పంజరమైనా, ఫలకమైనా నీటితోపాటు లేచి దిగేదిగా, వరద కబురు అందగానే తాడు విప్పి పక్కకు లాగదగినదిగా ఉండాలి. బరువైన యంత్రాలు కూర్చిన భారీ నిర్మాణం కన్నా నలుగురు మనుషులు లాగగల తేలిక కట్టడమే కృష్ణకు తగినది. నదినుండి పక్కకు ఎత్తిపోసిన నీటితో నిండే రంగసముద్రం వంటి చెరువులు ఈ విషయంలో మరింత సురక్షితం.

ఇంతకూ ఆ యంత్రం ఎవరిది? ఈ ప్రశ్నను సాంకేతిక నిపుణులు సాధారణంగా అడగరు. శ్రీశైలం జలాశయం కోసం 1980వ దశకం తొలినాళ్ళలో కొల్లాపురం, అలంపురం, వనపర్తి ప్రాంతాల ఊళ్ళకు ఊళ్ళే నీటిపాలయ్యాయి. పొలాలు పోయినవారికి మిగిలినది ఆ పొలాలమీద నిలిచిన నీరు. ఆ నీటిలో చేపలు పట్టుకొని బతుకుదామంటే, ఎక్కడెక్కడినుండో వచ్చినవారు నిషేధించిన అలివి వలలు వేసి వేలెడు పిల్లలను కూడా ఊడ్చుకొనిపోతున్నారన్న గోడు ఆ ఒడ్డున వినిపిస్తూనే ఉన్నది. జూరాల గేట్లకింద తిరిగే టర్బైన్లు వందల మెగావాట్ల విద్యుత్తును ఇస్తాయి. కరెంటు ఎటు పోయిందో, చేప ఎటు పోయిందో చూస్తూ ఒడ్డున నిలిచినవారి చేతికి ఈసారైనా ఒక మీట అందాలి.

పంజరాల సేద్యానికి పెట్టుబడి కావాలి గనుక అది గుత్తేదారు చేతికి పోవడం సులభం. అప్పుడు సహకార సంఘపు సభ్యుడు తన చెరువుమీదనే కాపలా కూలీ అవుతాడు. మేతయంత్రం వస్తే ఆ కూలి కూడా అక్కరలేదంటారు. సౌరశక్తి పేరుతో వచ్చిన యంత్రం మనిషి పొట్టకొడితే అది ఎంత పచ్చనిదైనా ఆ ఊరికి పచ్చనిది కాదు. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ఇటువంటి పనులకు సామాన్య లబ్ధిదారులకు 40 శాతం, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి 60 శాతం రాయితీని నిర్దేశించింది. చేపను అంగడికి తీసుకొనిపోయి అమ్మేది ఎక్కువగా స్త్రీలే. పంజరం వారి సంఘం పేరున ఉండడానికి దారి ఉన్నది. ఆ దారిన వెళ్ళకుండా గుత్తేదారుకు బినామీగా వారి పేరు వాడుకోవడం జరగకుండా చూడవలసింది సంఘమే. ఆ చూపు లేనిచోట ఏ పథకమూ నిలవదు.

యంత్రం చెడితే ఎవరు బాగుచేస్తారన్నది ఇంకొక చిక్కు. దీనికి జవాబు దూరంగా లేదు. కాలిన మోటారుకు తీగ చుట్టడం, స్టార్టర్ విప్పి బిగించడం పాలమూరు పల్లెలలో అరుదైన విద్య కాదు. బోరుబావుల మీద బతికిన నేల అది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ కళాశాల దశాబ్దాలుగా నడుస్తున్నది. జిల్లాలోనే పెబ్బేరులో 2017లో మత్స్య కళాశాల వెలిసింది. ఒకచోట విద్యుత్తు చదివేవారు, మరొకచోట చేపను చదివేవారు. ఇద్దరికీ నడుమ ఉన్నది కొద్దిపాటి ప్రయాణం. దేశంలోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల పిల్లలు ఆ రెండు తరగతులలోనూ కూర్చుంటున్నారు.

మొదట పెద్ద పథకం అక్కరలేదు. రంగసముద్రంలో రెండు పంజరాలు చాలు. ఒకదానికి చేతితో మేత, మరొకదానికి సూర్యుడు తిప్పే యంత్రంతో మేత. రెండింటిలోనూ ఒకే ఈడు, ఒకే సంఖ్య గల పిల్లలు. సంఘం మనుషులు ప్రతిదినం వేసిన మేతను, మిగిలిన మేతను, నీటి చల్లదనాన్ని, ఆకాశపు తీరును ఒక పుస్తకంలో వ్రాయాలి. పెబ్బేరు విద్యార్థులు పక్షానికొకసారి చేపలను తూచాలి. ఒక వానకాలం, ఒక చలికాలం, ఒక వేసవి గడవనివ్వాలి. ఆ పుస్తకం కళాశాల బీరువాలో కాక శ్రీరంగాపురం సంఘం గదిలోనే ఉండాలి. మూడవ పంజరం కట్టాలా వద్దా అన్నది దానిని చదివినాక సంఘం సమావేశంలో తేల్చుకొంటారు.